డీసీఎం ఎక్కనివి

శనివారం. పొద్దున ఆరున్నరకే అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. రేపు తెల్లవారుజామున డీసీఎం వ్యాన్ వస్తుంది, సామానంతా హైదరాబాద్ పోతుంది, సోమవారం తమ్ముడు కారు తెచ్చి అమ్మను తీసుకుపోతాడు. కర్నూలు పాతబస్తీలో హంద్రీ నదికి దగ్గరగా ఉన్న ఈ ఇల్లు అమ్మేశాం. తమ్ముడు కొన్న ఫ్లాటు చేతికి రావడానికి ఇంకా ఏడాది పైనే పడుతుంది, వాడి అద్దె ఇంట్లో ఉన్నవి రెండే గదులు, అందుకని అప్పటిదాకా అమ్మ సామాను పెట్టడానికి అక్కడే ఒక స్టోరేజ్ యూనిట్ అద్దెకు తీసుకున్నాడు. ఎనిమిది అడుగులకు పది అడుగుల గది. తాళం మనదే, తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. లోపల ప్లగ్గు లేదు, కిటికీ లేదు, మనిషి అందులో పడుకోకూడదు.

నిన్న రాత్రి ఆ స్టోరేజ్ వాళ్లిచ్చిన లిస్టు తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు, ఏవి పెట్టుకోవచ్చు, ఏవి పెట్టకూడదు అని. పెట్టుకోవచ్చు అన్నవాటి గురించి చెప్పడానికేం లేదు, మంచాలు, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, స్టీలు సామాను, పుస్తకాలు, బట్టలు. పెట్టకూడని వాటి దగ్గరే రోజంతా గడిచింది.

టిఫిన్‌కి ఉగ్గాణి బజ్జీ తెచ్చాను, తింటూ లిస్టు చదివి వినిపించాను. అమ్మ మొదటి మాటకే ఆపింది. "సిలిండర్ పెట్టకూడదా? ఖాళీదైనా?" ఖాళీదైనా వద్దన్నారు. "ఖాళీ దాంట్లో ఏముంటాదే, ఉత్త ఇనుమే కదా" అంది. నిజానికి పొయ్యి ఆరిపోయింది అంటే అందులో గ్యాస్ పూర్తిగా అయిపోయిందని కాదు, కొంచెం అడుగున మిగిలే ఉంటుంది. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. ఇంట్లో అయితే వాసన తెలియడానికే అందులో ఆ ఘాటు కలుపుతారు, తెలియగానే తలుపులు తీస్తాం, రెగ్యులేటర్ కట్టేస్తాం. నెలల తరబడి షట్టర్ దించి ఉండే గదిలో ఆ వాసన ఎవరికి వస్తుంది? ఇదంతా చెప్తే అమ్మ ఏమీ అనలేదు గానీ, రెండు సిలిండర్లూ నేనే ఆటోలో వేసుకుని ఏజెన్సీకి పోయాను. పాస్‌బుక్కు, రెగ్యులేటర్, ఒరిజినల్ ఓచర్ ఇవ్వాలి, వాళ్లు ఇంకో ఓచర్ రాసిస్తారు, అది చూపిస్తే హైదరాబాద్‌లో కొత్త కనెక్షన్ ఇస్తారు. డిపాజిట్ తిరిగి ఇచ్చారు. ఆ పాత ఓచర్ మీద నాన్న సంతకం ఉంది, అప్పట్లో ఆయన ఎంత కట్టాడో అంతే ఇచ్చారు. ఆ డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెడితే లెక్కపెట్టకుండా దేవుడి గూట్లో పెట్టేసింది.

తర్వాత ఇన్వర్టర్. ఇన్వర్టర్ పెట్టె పోవచ్చు, బ్యాటరీ పోకూడదు. అందులో ఉండేది యాసిడ్, ఒరిగిందంటే కింద ఉన్నది ఏదైనా కాలిపోతుంది. పైగా ఛార్జింగ్ లేకుండా ఏడాది పడుంటే ఆ బ్యాటరీ మళ్లీ లేవదు, దాచి కూడా లాభం లేదు. బ్యాటరీ షాపు అబ్బాయి వచ్చి పాత బ్యాటరీల రేటుకు తీసుకుపోయాడు. ఇది పెద్దగా ఎవరికీ బాధ అనిపించలేదు.

అటక ఖాళీ చేసేటప్పుడు మాత్రం నాకే భయం వేసింది. కరోనా సంవత్సరం కొన్న ఐదు లీటర్ల శానిటైజర్ క్యాన్ సగం నిండుగా ఉంది. గేటుకు వేయగా మిగిలిన పెయింటు డబ్బా, దాని పక్కనే టర్పెంటైన్ సీసా, పోయిన దీపావళివి రెండు కాకరపువ్వొత్తుల పెట్టెలు, ఒక చిచ్చుబుడ్డి, దోమల స్ప్రేలు మూడు, అవి కూడా ఒత్తిడితో నింపిన డబ్బాలే, వేడికి పేలతాయి. వీటన్నిటి కింద కిరసనాయిలు స్టవ్వు. ఇన్నేళ్లుగా మనం వీటి కిందే పడుకుంటున్నామా అనుకున్నాను. "ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా" అంది అమ్మ. అప్పుడు నేను అడిగాను, "వరదప్పుడు ఏమైందో మర్చిపోయినావా అమ్మా?"

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి, కిందేమో శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులు దాటి నిండి ఉంది, నీళ్లు పోయే దారి లేక ఊరి మీదికి వచ్చాయి. మేం మేడ మీదికి ఎక్కాం. బురద గురించి అందరూ చెప్తారు. మాకు బురద కంటే ఎక్కువ నష్టం చేసింది కిరసనాయిలు. పై వీధిలో ఎవరింట్లోనో దాచిన డ్రమ్ము ఒకటి తేలి బోల్తా పడింది, ఆ నూనె నీళ్ల మీద పరుచుకుంటూ మా ఇంట్లోకి వచ్చింది. నీళ్లు తీసేశాక బట్టలన్నిటికీ అదే వాసన, బియ్యానికీ అదే, కొయ్య బీరువా తలుపులకూ అదే. బురద అంటిన చీరలు ఉతికితే కొన్ని బాగయ్యాయి, ఆ నూనె పట్టిన చీర ఒక్కటీ మిగల్లేదు. ఆ డ్రమ్ము దాచుకున్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, రేషన్‌లో వచ్చింది వచ్చినట్టు జాగ్రత్త చేసుకున్నారు, అంతే. కానీ వాళ్ల జాగ్రత్త వచ్చి మా ఇంట్లో పడింది.

తమ్ముడు పంపిన ఫోటోల్లో ఆ యూనిట్లు చూశాను. గదికీ గదికీ మధ్య ఉన్నది రేకు. ఆ రేకుకు అవతల ఇంకొకరి అమ్మ సామాను ఉంటుంది, ఆమె మంచం, ఆమె చీరలు, ఆమె పెళ్లి ఫోటోలు. మనం పెట్టిన ఒక్క డబ్బా అంటుకుంటే మనదొక్కటే కాదు కదా పోయేది. నిన్న రాత్రి లిస్టు చూసినప్పుడు నాకు కూడా, అద్దె తీసుకుంటూ ఇన్ని ఆంక్షలేంటి అని కోపం వచ్చింది. అటక కింద నిలబడ్డాక ఆ కోపం పోయింది. అమ్మ కూడా ఇంక వాదించలేదు. స్టవ్వును మాత్రం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది, తర్వాత పాత సామాన్ల అతనికి ఇచ్చేయమంది.

తిండి సంగతి వేరు. కర్నూలు సోనా బియ్యం ఇంకా ముప్పావు బస్తా ఉన్నాయి, కందిపప్పు, కొర్రలు, ఒలిచిన బుడ్డలు, అంటే వేరుశెనగలు, ఒక డబ్బా. "స్టీలు డబ్బాలో మూత బిగించి, వేపాకు వేసి పెడితే పురుగు యాడ పడ్తాది?" అంటుంది అమ్మ. ఆమె వంటింట్లో పడదు, ఎందుకంటే ఆమె పది రోజులకోసారి తీసి చేటలో పోసి ఎండబెడుతుంది కాబట్టి. అక్కడ చేట పట్టుకునేది ఎవరు? ఒక్క గింజ కింద రాలినా ఎలుక వస్తుంది, వచ్చిన ఎలుక బియ్యం తిని ఊరుకోదు, పక్క గది పరుపు కూడా కొరుకుతుంది. బియ్యం సగం పక్కింటి అత్తకు, సగం మా ఇంటికి. బుడ్డలు ఇంట్లో పని చేసే పిల్ల తీసుకుపోయింది. ఊరగాయ జాడీ పోవచ్చు, ఊరగాయ పోకూడదు, కాబట్టి ఆవకాయ, గోంగూర, చింతకాయ తొక్కు అన్నీ చిన్న సీసాల్లోకి మార్చాం, అవి కార్లో అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని పోతాయి. జాడీలు కడిగి, తుడిచి, బోర్లించి ఆరబెట్టి, పాత పంచె గుడ్డల్లో చుట్టాను.

తులసి కోట విషయం నేనే ముందు ఎత్తలేదు. మొక్కలు కూడా లిస్టులో ఉన్నాయి, ప్రాణం ఉన్నవేవీ పెట్టకూడదు, చీకటి గదిలో ఎట్లా బతుకుతాయి. అమ్మే అంది, నువ్వు తీసుకుపో, మీ మేడ మీద పెట్టు, నేను పోయేలోపు విత్తనాలు దులుపుకుంటా అని. నాలుగు ఎండిన వెన్నులు కొంగున ముడేసుకుంది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. నాన్న చేతక్ స్కూటర్ కోసం. బండి పెట్టుకోవచ్చంట గానీ ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు, ఆర్‌సీ కాపీ ఇవ్వాలి. అతను పైపు విప్పి సీసాలోకి దించాడు, కొంచెమే వచ్చింది. మూత తీసి సాయంత్రం దాకా నీడలో ఉంచమన్నాడు, లోపల ఆవిరి కూడా పోవాలని. నాన్న పోయి ఆరేళ్లయింది, ఆ కొంచెం పెట్రోలు ఆయన పోయించిందే అయ్యుంటుంది. సీసా అతనే తీసుకుపోయాడు.

బంగారం, డబ్బు, కాగితాలు. వీటిని పెడితే వాళ్లు బాధ్యత తీసుకోరు, ఇన్సూరెన్స్‌లో కూడా రావు, స్పష్టంగా రాశారు. బంగారం బ్యాంకు లాకర్లోనే ఉంది. లాకర్ కూడా అన్నిటికీ భరోసా కాదు, దొంగతనం జరిగినా, మంటలు లేచినా, బ్యాంకు ఉద్యోగి మోసం చేసినా ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకు కట్టాలని రిజర్వ్ బ్యాంకు 2022 జనవరి నుంచి నిబంధన పెట్టింది గానీ, వరద లాంటి వాటికి బ్యాంకు బాధ్యత ఉండదు. కర్నూలు వాళ్లం ఇది గుర్తుపెట్టుకోవాలి. సర్టిఫికెట్లు, నాన్న పెన్షన్ కాగితాలు, డెత్ సర్టిఫికెట్, అన్నీ స్కాన్ చేసి తమ్ముడికి పంపాను, ఒరిజినల్స్ అమ్మ చేతి సంచిలో.

పట్టుచీరల దగ్గర అమ్మ నాకు నేర్పింది. నేను కలరా ఉండలు వేయబోతే చెయ్యి పట్టుకుంది. జరీ నల్లబడుతుంది, పాత కాటన్ పంచెలో చుట్టి మడతలు మార్చి పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో అసలు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఫ్రిజ్ నిన్ననే ఆపాం, లోపల తుడిచి, తలుపు మూసుకోకుండా మధ్యలో గుడ్డ మడత పెట్టి తాడు కట్టాను, లేకపోతే ఏడాది తర్వాత తెరిస్తే బూజే. వాషింగ్ మెషిన్ పైపులో నీళ్లు వంచేశాం. మంచం బోల్టులు ఒక సంచిలో వేసి ఆ మంచం కోడుకే కట్టాను. అట్టపెట్టెలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టమని తమ్ముడికి రెండుసార్లు చెప్పాను.

సాయంత్రం ఐదుకి అంతా అయిపోయింది అనుకున్నాం. అప్పుడు అమ్మ పెరట్లోంచి బొంత తెచ్చింది. మా అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంత. వరద వచ్చినప్పుడు నీళ్లలో నాని బరువెక్కి, నలుగురు పట్టుకుంటే గానీ లేవలేదు. దాన్ని అమ్మ ఎన్నిసార్లు ఉతికిందో లెక్కలేదు, నూనె పట్టిన మిగతా బట్టలన్నీ పారేసి దీన్ని మాత్రం వదల్లేదు, కిరసనాయిలు వాసన పోయేదాకా దండెం మీదే ఉంచింది. దాన్ని మొన్న మళ్లీ ఉతికింది, శుభ్రంగా పంపాలని. ఈ వారమంతా ముసురు. పట్టుకుని చూస్తే పైన ఆరింది, మధ్య పొర ఇంకా చల్లగా ఉంది.

తడి వస్తువులు పెట్టకూడదు. లిస్టులో చిట్టచివరి వరుస అది, నేను పొద్దున దాన్ని చదవకుండా దాటేశాను.

"కొంచెమే కదా, డీసీఎంలో గాలికి ఆరిపోతాదిలే" అంది. టార్పాలిన్ కట్టేస్తారమ్మా, ఆరదు, బూజు పట్టి పక్కనున్న పరుపులకూ అంటుకుంటుంది అన్నాను. ఆమె దాన్ని మడత పెట్టడం మొదలుపెట్టి ఆపింది. "అయితే నాతోనే వస్తాదిలే కార్లో" అంది.

దాన్ని నేను ఆటోలో మా ఇంటికి తెచ్చాను, తులసి కోట ఒక పక్క, బొంత ఒక పక్క. హాల్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి పరిచాను. ఇప్పుడు రాత్రి పదకొండు కావొస్తోంది, ఫ్యాన్ ఐదు మీద పెట్టాను. ఇప్పుడే లేచి వెళ్లి తిరగేసి వచ్చాను. మధ్యలో ఇంకా కొంచెం చల్లగానే ఉంది.