వేరొకరి సోదాలో దొరికిన కాగితంతో నాపై పునర్మదింపు

నాపై జరిగిన ఆదాయపు పన్ను పునర్మదింపు (ఆదాయాన్ని మళ్లీ లెక్కగట్టి పన్ను వేయడం) చెల్లదని ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్ తీర్పునిచ్చింది. అలాంటి నోటీసు అందినవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నాకు స్థలం అమ్మిన సంస్థపై 2019లో 132వ సెక్షన్ కింద సోదాలు జరిగాయి. రిజిస్ట్రేషన్ విలువకు మించి నగదు ఇచ్చానంటూ 2021 మార్చిలో నాకు పునర్మదింపు మొదలుపెట్టే 148వ సెక్షన్ నోటీసు వచ్చింది. రిటర్ను వేయడం, పునర్మదింపుకు చూపిన కారణాల నకలు తీసుకోవడం ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి.

అవమానమంతా ఆ తరువాతే. కారణాల్లో ప్రస్తావించిన చిత్తుకాగితం చూపమని అడిగితే, "మీరిచ్చిన డబ్బు సంగతి మీకు తెలియదా?" అంటూ మదింపు అధికారి సిబ్బంది ముందే నవ్వారు. చివరికి చేతికొచ్చిన జిరాక్సులో నా ఇంటిపేరులోని మొదటి రెండక్షరాలు, వాటి పక్కన ఒక అంకె ఉన్నాయి తప్ప తేదీ గాని, సంతకం గాని, ప్లాటు నంబరు గాని లేవు. మిగతాదంతా ఆ సంస్థ మేనేజరు వాంగ్మూలమే. ఆయన్ను ప్రశ్నించే అవకాశం ఇమ్మని రాసి ఇచ్చిన నా అర్జీ ఊసే ఉత్తర్వులో లేదు. ఏ సాక్షి మాటపై ఉత్తర్వు ఆధారపడిందో ఆ సాక్షిని ప్రశ్నించనివ్వకపోతే ఆ ఉత్తర్వే చెల్లదని 2015లో ఆండమాన్ టింబర్ ఎక్సైజు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా! మా పాత ఆడిటరు గారు మాత్రం పన్ను కట్టేసి ఊరుకోమన్నారు; ఆ సలహాకు కూడా ఫీజు తీసుకున్నారు.

ట్రిబ్యునల్ ఆ సాక్షి సంగతి దాకా వెళ్లనే లేదు. వేరొకరి సోదాలో దొరికిన పత్రంతో నా ఆదాయాన్ని తిరిగి మదింపు చేయాలంటే, 147, 148 సెక్షన్లలో ఏమున్నప్పటికీ అని మొదలయ్యే 153సి సెక్షన్ ప్రకారమే నడవాలి. అందుకు సోదా జరిగిన సంస్థను మదింపు చేసే అధికారి ఆ పత్రం నాకు సంబంధించినదని సంతృప్తి నోట్ రాసి, నా అధికారికి పంపాలి. ఇద్దరికీ అధికారి ఒక్కరే అయినా ఆ నోట్ తప్పనిసరని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డే 2015 నాటి 24వ సర్క్యులర్‌లో ఒప్పుకుంది. మా ఫైలులో ఆ నోట్ లేనే లేదు.

కాబట్టి ముందుగా సంతృప్తి నోట్ నకలును రాతపూర్వకంగా అడగండి. అయితే 2021 ఏప్రిల్ 1 నుంచి మొదలైన సోదాలకు 153సి వర్తించదు, 2024 సెప్టెంబరు 1 నుంచి జరిగినవాటికి బ్లాక్ మదింపు (కొన్నేళ్ల ఆదాయాన్ని కలిపి ఒకేసారి మదింపు చేసే పద్ధతి) తిరిగి వచ్చింది. కనుక సోదా ఎప్పుడు మొదలైందో తేల్చుకోకుండా నా వాదనను మీ అప్పీలులో వాడకండి.