పొరలు తీసిన కళ్లతో భద్రాద్రికి

అమ్మకు రెండో కంటి ఆపరేషన్ అయి నెల దాటింది. పొరలు తీశాక చూపు నిలిస్తే భద్రాద్రి రామయ్య దగ్గరికి వస్తానని మొక్కుకుంది. మొన్న శనివారం ఆ మొక్కు తీరింది. ఇంటికొచ్చి రెండు రోజులైనా మనసు ఇంకా ఆ కొండ మీదే ఉంది.

భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి ఇంకో 40 కిలోమీటర్లు బస్సు. గోదావరిలో స్నానం చేసి గుడికెళ్లేసరికి క్యూ కదలడం లేదు. వెనకవాళ్లు తోస్తుంటే అమ్మ కంటికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని నాకు ఒకటే టెన్షన్. పెద్దవాళ్లున్నారు, కాస్త ఆగండి అంటే వినేవాళ్లే లేరు. రాముడి ముందుకు వెళ్తూ ఆ మోచేతి పోట్లు ఎందుకో!

మా ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై అయిదేళ్లుంటాయి. అమ్మ మోకాళ్లు పట్టుకోవడం చూసి, సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ స్టూలు తీసి వేశాడు. "కూర్చో చెల్లెమ్మా, నాకు నిలబడే అలవాటుంది" అన్నాడు. రెండు గంటలు ఆయన నిలబడే ఉన్నాడు.

"ఎప్పుడైనా వచ్చావా ఇక్కడికి?" అని అడిగితే అమ్మ ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. ఎనిమిదేళ్లప్పుడు తాతయ్యతో వచ్చిందట. అప్పటికి వంతెన లేదు. సారపాక వైపు దిగి, కాళ్లు కాలే ఇసుకలో నడిచి, పడవెక్కారట. పడవలో భయమేసి తాతయ్య పంచె అంచు నోట్లో పెట్టుకుని కొరికిందట.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "మా నాన్న ఆ రేవులోనే పడవ నడిపేవాడమ్మా!" అన్నాడు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు వచ్చి వంతెన ప్రారంభించినప్పుడు ఊరంతా పండగే. వాళ్ల నాన్న మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదట. పడవని ఒడ్డుకు లాగి బోర్లించాడు. కొన్నేళ్లకు దాని చెక్కలే ఇంటికి తలుపులయ్యాయి.

ఆ తలుపులు 1986 ఆగస్టు వరదలో కొట్టుకుపోయాయట. గోదావరి 75.6 అడుగులకు వచ్చిన ఏడాది అది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే ఎంత నీరో ఊహించుకోవచ్చు. నీళ్లు తీశాక గోడ మీద మిగిలిన మట్టి గీత ఎంత ఎత్తుందో చూపించడానికి ఆయన క్యూ కమ్మీ పట్టుకుని, మడమలెత్తి, చెయ్యి పైకి చాపాడు. ఎన్ని సున్నాలు కొట్టినా ఆ గీత పోలేదట. 2022లో 71.3 అడుగులు వచ్చినప్పుడు, తర్వాత కట్టిన కరకట్ట ఉన్నా సరే, మూట కట్టుకునే కూర్చున్నారట. ఈ లెక్కలు నేను పేపర్లో చదివినవే. చదివినప్పుడు అవి ఉత్త అంకెలు.

అంతలో క్యూ ఒక్కసారిగా కదిలింది. గర్భాలయం ముందు దొరికింది రెండు క్షణాలే. పదేళ్లుగా ఏ గుడికెళ్లినా అమ్మకు దీపం చుట్టూ మసకే కనిపించేది. ఈసారి నా చెయ్యి వదిలేసి రెండు చేతులూ జోడించింది. "శంఖం కనిపిస్తోందే... ఒళ్లో అమ్మవారు... పక్కన లక్ష్మణుడు..." అంటూ ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటోంది. వెనకనుంచి నెట్టేశారు. నాకు స్వామి పాదాలు కూడా సరిగా కనిపించలేదు. నేను అమ్మ ముఖాన్నే చూస్తున్నాను.

బయటికొచ్చాక పెద్దాయన కోసం చాలాసేపు వెతికాం. స్టూలు మా చేతుల్లోనే ఉండిపోయింది. చివరికి ప్రసాదాల దగ్గర దొరికాడు. వద్దంటున్నా అమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టి, "మీ నాన్నగారి పడవే అయ్యుంటుంది అన్నయ్యా" అంది.

తిరిగి వస్తుంటే బస్సు వంతెన మీదికి ఎక్కింది. అమ్మ నల్ల కళ్లద్దాలు పైకి జరిపి కిటికీ కడ్డీకి నుదురు ఆనించింది. కింద ఇసుక తిప్పలు, వాటి మధ్య సన్నగా నీళ్లు.

"అదిగో, అక్కడే ఎక్కాం" అంది.