స్టెంట్ వేశాక మొదలైన మందుల లెక్క

నాకు ఛాతీలో నొప్పి రాలేదు. దవడ లాగింది, వీపు మధ్య బరువెక్కింది, ఒళ్లంతా చల్లటి చెమటలు. ఇంట్లో గ్యాస్ అనుకున్నారు. ఆడవాళ్లకు గుండెపోటు ఇలా కూడా వస్తుందని మా నరసాపురం వైపు చాలామందికి తెలియదు. భీమవరం తీసుకెళ్లి ఈసీజీ తీయిస్తే విషయం బయటపడింది. ఒక రక్తనాళం దాదాపు పూడుకుపోయిందట. ఆ నాళం తెరుచుకుని ఉండేలా లోపల స్టెంట్ అనే సన్నటి జాలీ గొట్టం వేశారు.

మా మరిదికి 2017కు ముందు స్టెంట్ పడింది. అప్పట్లో ఆ ఒక్కదానికే లక్ష దాటింది. 2017 ఫిబ్రవరిలో మందు పూత ఉన్న స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంట్‌కు 7,260 రూపాయలు మించకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. తర్వాత ఆ అంకెలు కొద్దికొద్దిగా మారాయి గానీ పాత రోజులు మళ్లీ రాలేదు. మా అరెకరం ఇంకా మా పేరునే ఉందంటే అందుకే.

అసలు టెన్షన్ ఇంటికొచ్చాక మొదలైంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే ఆటోర్వాస్టాటిన్, బీపీ మాత్ర. మొదటి రెండూ డాక్టర్ చెప్పకుండా మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని గట్టిగా చెప్పి పంపారు. నేను లేసు అల్లుతాను. చేతికొచ్చే డబ్బులో నెలనెలా ఇంత మందులకే తీసి పక్కన పెట్టాలంటే ఎలా ఉంటుందో ఆ పని చేసేవాళ్లకు తెలుసు.

మెడికల్ షాపు కుర్రాడు రెండు షీట్లు బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీద పేరున్న కంపెనీ బ్రాండు, రెండోదాని మీద నేనెప్పుడూ వినని పేరు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే రెండింటి మీదా సన్నటి అక్షరాల్లో ఉన్నది ఒకటే: క్లోపిడోగ్రెల్ టాబ్లెట్స్ ఐ.పి., 75 ఎం.జి. ఎంఆర్‌పీ కూడా ఇంచుమించు ఒకటే.

"ఆయ్, ఇది జనరిక్ అండి పెద్దమ్మగారూ, పేరున్న బ్రాండు కాదు గానీ మందు అదే. మీకు సగానికి ఇచ్చేస్తాను."

"సగానికి ఇస్తే నీకేం మిగులుతుంది బాబూ?"

"మిగులుతుందండి," అన్నాడు.

ఎలా మిగులుతుందో మా అబ్బాయి వివరంగా చెప్పాడు. ఈ మాత్రలా ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు కింద గరిష్ఠ ధర పెడతారు. అంతకుముందు 1995 ఉత్తర్వులో తయారీ ఖర్చు చూసేవారు. ఇప్పుడు అలా కాదు. మార్కెట్లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్లన్నీ షాపులకు ఏ ధరకు ఇస్తున్నాయో సగటు తీసి, దాని మీద షాపువాడికి 16 శాతం కలుపుతారు. ఖరీదైన బ్రాండ్లు ఆ సగటును పైకి లాగుతాయి. మాత్ర ఎంత చవగ్గా తయారైనా, ఆ గరిష్ఠ ధర దాకా ఎంతైనా షీటు మీద అచ్చు వేసుకోవచ్చు. షాపుకి తక్కువకు పడుతుంది, మధ్యలో మిగిలేదంతా షాపుదే. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి నాకు సగానికి ఇచ్చాడు. అడగడం తెలియని మనిషి అదే షీటుకు పూర్తి ధర కట్టి పోతుంది. నా మనసుకు కష్టంగా ఉన్నది అదే.

డాక్టర్లు మందు అసలు పేరే రాయాలని 2023లో జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది, అదే నెలలో దాన్ని ఆపేశారు. జనరిక్ మందుల నాణ్యత మీద అనుమానాలు ఉన్నాయన్నారు. ఆ అనుమానం నాకూ ఉండేది. అందుకే జనరిక్ మందులు చవగ్గా అమ్మే ప్రభుత్వ పథకం షాపు, జన ఔషధి కేంద్రంలో కొన్న షీట్లు పట్టుకెళ్లి డాక్టర్‌గారికి చూపించాను. అక్కడ అచ్చు వేసిన ధరే తక్కువ, బేరంతో పని లేదు. ఆయన ఒక్కో షీటూ తిప్పి చూసి, "ఇవే వాడండమ్మా, పరీక్ష చేసి చూద్దాం" అన్నారు. తర్వాతి రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ 70 కిందికి దిగింది. ఇప్పుడు మేడమెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను, లేసు సూది కూడా మళ్లీ పట్టాను.

బీపీ మాత్ర మాత్రం ఆ కేంద్రంలో ఒక్కోసారి ఉండదు. అప్పుడు మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికే వెళ్తాను. మందు అసలు పేరు చెప్పి, "నువ్వు ఎంతకిస్తావో అది చెప్పు బాబూ" అంటాను. పక్కన ఇంకెవరైనా నిలబడి ఉంటే వాళ్లకీ వినబడేలా అంటాను.