తుపాకీ తీయకముందే తిండి ఆపండి: 'అవుట్‌కాస్ట్' మళ్లీ ఆడేవాళ్ల కోసం

హైదరాబాద్‌లో పాత పీసీ గేముల మాట వస్తే ఐజీఐ, రోడ్ ర్యాష్, వైస్ సిటీ దగ్గరే ఆగిపోతాం. 1999లో వచ్చిన 'అవుట్‌కాస్ట్' పేరు ఎత్తేవాళ్లు తక్కువ. బెల్జియంలోని అపీల్ అనే చిన్న స్టూడియో తయారు చేస్తే ఇన్ఫోగ్రామ్స్ విడుదల చేసింది. ఆ ఏడాది ఉత్తమ అడ్వెంచర్ గేమ్‌గా గేమ్‌స్పాట్ దీన్నే ఎంచుకుంది. అయినా నాలుగు లక్షల కాపీల దగ్గరే ఆగింది. రెండో భాగం మధ్యలోనే రద్దయింది, 2002లో స్టూడియోనే మూతపడింది.

కథ పెద్ద చిక్కేం కాదు. భూమికి కృష్ణబిలం ముప్పు వస్తుంది. వేరే ప్రపంచానికి పంపిన ప్రోబ్ అనే పరిశోధక యంత్రం పాడవడమే దానికి కారణం. దాన్ని బాగుచేయడానికి కట్టర్ స్లేడ్ అనే మాజీ నేవీ సీల్, ముగ్గురు శాస్త్రవేత్తలతో కలిసి సమాంతర ప్రపంచమైన అడెల్ఫాకు వెళ్తాడు. అక్కడి తలాన్లు అతన్ని ఉలుకై అంటారు, అంటే వాళ్లు ఎదురుచూస్తున్న రక్షకుడు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. గేమ్ గొప్పతనం కథలో లేదు.

ముందు బొమ్మల సంగతి, ఎందుకంటే గేమ్ దెబ్బతిన్నది అక్కడే. 1999లో చేతిలో డబ్బున్న ప్రతివాడూ వూడూ, టీఎన్‌టీ2 లాంటి గ్రాఫిక్స్ కార్డులు కొంటున్నాడు. అవుట్‌కాస్ట్ ఆ కార్డులను ముట్టుకోనే ముట్టుకోదు. నేలను ఎత్తుల పటంగా దాచుకుని, తెరలోని ఒక్కో నిలువు గీతకు ఒక్కో కిరణాన్ని పంపి, అది ఏ ఎత్తుకు తగిలిందో ప్రాసెసర్‌తోనే లెక్క కడుతుంది. దీన్నే అప్పట్లో వోక్సెల్ అనేవారు. మనుషులూ కట్టడాలూ మాత్రం మామూలు పాలిగాన్లే, అంటే చదునైన పలకలు అతికించి చేసినవే. వోక్సెల్ వల్లే కొండల వంపులు అప్పటి గేముల్లోలా పలకలు పలకలుగా కాకుండా గుండ్రంగా ఉంటాయి, నీటి మీద అలలు కదులుతాయి. దానికి కట్టిన మూల్యం రిజల్యూషన్: గరిష్ఠంగా 512×384. కాళ్ల దగ్గర నేల చదరాలుగా విడిపోయి కనిపిస్తుంది.

ఇవాళ ఆడాలంటే పాత సీడీ కోసం తిరగక్కర్లేదు. హక్కులు మళ్లీ అసలు తయారీదారుల చేతికి వచ్చాక, 2014 చివర్లో 'అవుట్‌కాస్ట్ 1.1' వచ్చింది. గాగ్, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో దొరుకుతుంది. ఇందులో పెద్ద రిజల్యూషన్లు పెట్టుకోవచ్చు, గేమ్‌ప్యాడ్ కూడా వాడుకోవచ్చు. పెట్టేముందు లెక్క చూసుకోండి. 1024×768 అంటే పాతదానికి సరిగ్గా నాలుగు రెట్ల పిక్సెళ్లు, 1920×1080 అంటే పదిన్నర రెట్లు. ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. గేమ్ తడబడితే గ్రాఫిక్స్ కార్డ్ సెట్టింగులు కెలకడం దండగ, రిజల్యూషన్ ఒక మెట్టు దించండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్‌ను గరిష్ఠ పనితీరుకు మార్చండి. మే నెల ఎండల్లో పరుపు మీద పెట్టుకుని ఆడితే కింది జాలీ మూసుకుపోయి, వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మొదటి పావుగంట బాగా నడిచి ఆ తర్వాత మందగిస్తే కారణం అదే, గేమ్‌ను తిట్టుకోకండి. బొమ్మ తెరలో ఒక మూలకు జరిగినా, అంచులు తెగినా ఎగ్జిక్యూటబుల్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్కేలింగ్‌ను అప్లికేషన్‌కే వదిలేయండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసే అనుమతి తగాదా ఉంటుంది కాబట్టి సీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ చేసుకుని అందులో ఇన్‌స్టాల్ చేయడం మేలు.

అసలు రూపంలోనే చూడాలన్న పిచ్చి ఉంటే విండోస్ 98 మెషిన్ కట్టుకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత మదర్‌బోర్డుల గురించి అడగండి, ఎర్రగడ్డ సండే మార్కెట్ కూడా ఒక చూపు చూడండి. సాకెట్ 370 బోర్డ్, 800 మెగాహెర్ట్జ్ పైబడిన పెంటియం త్రీ, 256 ఎంబీ ర్యామ్ చాలు. 512 దాటితే విండోస్ 98 మొరాయిస్తుంది. ఈ గేమ్‌కు ఖరీదైన కార్డ్ అవసరం లేదు గనుక డబ్బంతా ప్రాసెసర్ మీదే పెట్టండి.

బోర్డ్ కొనేముందు ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తల చూడండి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా మార్చాల్సిందే. కోఠి గుజరాతీ గల్లీలో లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకం అడిగి, మైక్రోఫారడ్లు అంతే, వోల్టేజ్ అంతే లేదా కాస్త ఎక్కువ ఉన్నవి తీసుకోండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో గ్రౌండ్ వైపు కాలు ఊడిరాదు, వేడినంతా లోపలి రాగి పొరే లాగేస్తుంది. 60 వాట్లది కావాలి. ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంట్ సరఫరా చేసే డబ్బా, కొత్తదైతే 5 వోల్ట్ లైన్ ఎన్ని ఆంపియర్లో లేబుల్ మీద చదవండి. అప్పటి బోర్డులు ప్రాసెసర్‌కు కరెంట్ అక్కడి నుంచే తీసుకుంటాయి, ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు 12 వోల్ట్ మీద బలంగా ఉండి 5 దగ్గర పీలగా ఉంటాయి. 20 ఆంపియర్లు తగ్గితే వద్దు. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డ్ మీది సీఆర్2032 బటన్ సెల్ మార్చండి. మానిటర్ మాత్రం పాత డబ్బాలాంటి సీఆర్టీయే, 512×384ను ఎల్‌సీడీ సాగదీసి మసకబారుస్తుంది.

ఇక ఆట. రంజార్ అనే మంచుప్రాంతంలో శిక్షణ ఉంటుంది. కొంచెం నెమ్మది, కానీ దాటేయకండి, సేవ్ చేసే రాయి వచ్చేది అక్కడే. గామ్‌సావ్ అనే ఆ రాయిని నొక్కితే అది వెలిగి మోత చేస్తుంది, దగ్గర్లోని శత్రు సైనికులు ఆ మోత వింటారు. పోరాటం మధ్యలో సేవ్ చేస్తే వాళ్లు మీ మీదకి వస్తుండగా సేవ్ అవుతుంది, తర్వాత ఆ ఫైల్ ఎన్నిసార్లు లోడ్ చేసినా చావే. గోడ చాటున, దూరంగా సేవ్ చేయండి. ఒకే స్లాట్‌ను నమ్ముకోవద్దు.

షమజార్ అనే ప్రాంతంలో అడుగుపెట్టగానే పొలాలూ, ఆలయాలూ, కాపలా సైనికులూ కనిపిస్తారు. చాలామంది ఇక్కడే తుపాకీ తీసి, తూటాలు అయిపోయి, గేమ్ కష్టమని వదిలేస్తారు. సైనికులు బలంగా ఉండటానికి కారణం ఊళ్లే. షమజార్ రైతులు పండించే రిస్ అనే పంట వాళ్ల తిండి, మోటజార్ గనుల్లో తవ్వే హెలీడియం వాళ్ల ఆయుధాలకు ఆధారం, తలంజార్ నగరంలో పన్నుల వసూళ్లు సాగుతుంటాయి. ప్రతిచోటా పనివాళ్లకు ఏదో ఒక బాధ ఉంటుంది. అది తీరిస్తే పని ఆపేస్తారు. రిస్ ఆగితే సైనికులు నీరసపడతారు, హెలీడియం ఆగితే దెబ్బ పలచబడుతుంది. సైన్యాన్ని కాల్చడం కన్నా దాని పొట్ట కొట్టడం చవక అని లెక్కగా ఒప్పించే గేములు ఇప్పటికీ అరుదే. నా వరుస: షమజార్, మోటజార్, ఆ తర్వాత తలంజార్, అడవి ప్రాంతం ఒకార్, చిత్తడి ప్రాంతం ఒకాసంకార్. వెతకాల్సిన అయిదు మోన్‌లు అనే పవిత్ర వస్తువులు ఈ అయిదు చోట్లే ఉంటాయి. పవిత్రమైనవి కదా అని ముందే వాటి వెంట పడకండి, పనివాళ్ల సంగతి తేలాక ఆ దారి సగం సులువవుతుంది.

మ్యాప్ మీద బాణం గుర్తులు ఉండవు. ఫలానా వాడు ఎక్కడ అని ఎదురైన తలాన్‌ను అడిగితే చెయ్యి చాపి దిక్కు చూపిస్తాడు. వాళ్లు తిరుగుతూ ఉంటారు కాబట్టి కొంతదూరం నడిచి మరొకరిని అడగాలి. మన హైదరాబాద్ గల్లీల్లో అడ్రస్ కనుక్కునే పద్ధతే! పేర్లు ఒకేలా వినిపిస్తాయి గనుక పేరు, ప్రాంతం, వాడికి కావలసిన వస్తువు కాగితం మీద రాసుకోండి. పొరపాటున గుండు తగిలి మామూలు తలాన్ చనిపోతే మీ పేరు చెడుతుంది, జనం ముఖం తిప్పుకుంటారు. ఊరి మధ్య పేలుడు పదార్థాలు వాడకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు. తూటాల కోసం దారిలో ముడిసరుకు ఏరి రీక్రియేటర్ అనే పనివాడికి ఇవ్వండి. ఒక ప్రాంతం వదిలే ముందు అతని దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకుంటే మధ్యలో చేతులు ఖాళీ కావు.

మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. లెనీ మూర్ సంగీతాన్ని మాస్కో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది, అప్పటి గేముల్లో అది వింత.

2017లో 'సెకండ్ కాంటాక్ట్' పేరుతో పూర్తిగా పాలిగాన్లతో మళ్లీ చేశారు. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ గుండ్రటి కొండల మెత్తదనం పోయింది. పిక్సెళ్లు చూస్తే తలనొప్పి వచ్చేవాళ్లకు అదే సరి, మిగిలినవాళ్లకు 1.1. 2024లో వచ్చిన 'ఎ న్యూ బిగినింగ్' అసలైన రెండో భాగం, కట్టర్‌కూ తలాన్లకూ మధ్య పాత లెక్కలు తెలియకుండా అది మొదలుపెట్టకండి.