స్టార్ అంటేనే తెలుస్తుంది

కోల్‌కతాలో నాలుగు రోజులున్నాను. మూడు రోజులు ఆఫీసు స్నేహితుడి పెళ్ళికే పోయాయి, వాటి గురించి రాయడానికేం లేదు, చేపలు బాగున్నాయి, గదిలో ఏసీ పనిచేయలేదు. మిగిలిన ఒక్కరోజు నాది. ఆ ఒక్కరోజూ విక్టోరియా మెమోరియల్, దక్షిణేశ్వరం అన్నీ మానేసి ఒక సినిమా హాలు వెతుక్కుంటూ తిరిగానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మడం లేదు.

ఆ హాలు పేరు బినోదిని థియేటర్. 2024 డిసెంబరు 30న మమతా బెనర్జీ ప్రకటించేదాకా దాని పేరు స్టార్ థియేటర్. బినోదిని దాసి అనే పాతకాలపు బెంగాలీ రంగస్థల నటి పేరు హాలుకి పెట్టారన్న వార్త చదివినప్పుడే, ఆ ఊరు వెళ్తే చూడాలని అనుకున్నా.

యాప్‌లో క్యాబ్ చూస్తే సాల్ట్ లేక్ నుంచి హాతీబగాన్‌కి 410 చూపించింది. వర్షమట! నాలుగు చినుకులు. ఆ డబ్బుతో తెనాలి నుంచి బెజవాడకి ప్యాసింజర్లో వారం రోజులు తిరగొచ్చు. ఒళ్ళుమండి పసుపుపచ్చ టాక్సీ ఆపాను. "వినోదిని థియేటర్" అన్నా. డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు. వీళ్ళకి 'వ' పలకదు కదా, తప్పు నాదే అనుకుని "బినోదిని" అన్నా. అదీ తెలీదన్నాడు. పక్కన ఆగిన ఆటోవాణ్ణి అడిగాడు, అతనికీ తెలీదు. చివరికి విసుగొచ్చి "స్టార్, స్టార్ థియేటర్" అన్నాను. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదా బాబూ" అని మీటర్ కూడా వెయ్యకుండా బండి తీశాడు. దిగాక మూడొందలు తీసుకున్నాడు. ఇంతకంటే ఆ యాప్ నయం.

హాతీబగాన్ చూడనివాళ్ళకి చెప్పాలంటే మన బెజవాడ బీసెంట్ రోడ్డుని ఇంకో నాలుగింతలు చేసి పైన నీలం పట్టాలు కప్పినట్టుంటుంది. హాలు ముందు ఫుట్‌పాత్ నిండా నైటీలు, కుర్తీలు, దుప్పట్లు వేలాడుతున్నాయి. ఎటు నుంచి ఫోటో తీసినా సగం నైటీలే పడ్డాయి. వాటి వెనకాల పాతకాలపు తెల్లటి ముఖద్వారం ఉంది. 1991లో హాలు తగలబడి పోతే, కార్పొరేషన్ వాళ్ళు ముందుభాగం పాత పద్ధతిలోనే నిలబెట్టి 2004లో మళ్ళీ తెరిచారు. నాటకం ఏమైనా ఉందా అని కౌంటర్లో అడిగితే ఆ కుర్రాడు నన్ను జాలిగా చూసి సినిమా పోస్టర్ చూపించాడు.

ఎదురుగా టీ కొట్టు. మట్టికప్పులో టీ పది రూపాయలు, రెండు గుక్కల్లో అయిపోతుంది, అందుకని రెండు తాగాను. బెంచీ మీద ఒక పెద్దాయన నా ఫోటోల అవస్థ చూసి నవ్వి ఎక్కణ్ణుంచని అడిగాడు. ఆంధ్రా అన్నాను. సగం హిందీ, సగం ఇంగ్లీషు కలిపి అందుకున్నాడిక. నేను చదివిన సంగతే, కానీ ఆయన సొంత మేనత్త గురించి చెప్తున్నట్టు చెప్పాడు.

1883 నాటి మాట. బినోదిని ఆడే నాటక సమాజానికి సొంత హాలు లేదు. గుర్ముఖ్ రాయ్ అనే డబ్బున్న వ్యాపారి కుర్రాడు బినోదిని మీద మనసుపడ్డాడు. స్టేజీ మానేస్తే యాభై వేలు ఇస్తానన్నాడు, ఆ రోజుల్లో! ఆమె డబ్బొద్దు, హాలు కట్టించమంది. దానికోసం అప్పటిదాకా తోడున్న మనిషిని వదిలేసి ఇతని చెంత చేరింది. గురువు గిరీశ్ ఘోష్, తోటి నటులు అందరూ ఒప్పించినవాళ్ళే. హాలుకి నీ పేరు మొదటక్షరంతో 'బి థియేటర్' అని పెడదామని మాటిచ్చారు. పని త్వరగా అవ్వాలని కూలీలతో పాటు తనూ మట్టి తట్టలు మోశానని ఆత్మకథలో రాసుకుంది, 1912లో అచ్చయింది అది. తీరా రిజిస్ట్రీకి వెళ్ళొచ్చినవాళ్ళని ఆత్రంగా పేరేం పెట్టారని అడిగితే 'స్టార్' అన్నారు. వేశ్యల ఇంట పుట్టినదాని పేరుంటే పెద్దమనుషులు నాటకానికి రారని భయం. మరుసటేడు అదే హాల్లో ఆమె చైతన్య ప్రభువు వేషం కడితే రామకృష్ణ పరమహంస స్వయంగా వచ్చి చూసి ఆశీర్వదించి వెళ్ళారు. పెద్దమనుషుల సంగతి మరి వాళ్ళే చెప్పాలి.

"141 ఏళ్ళకి మాట నిలబెట్టుకున్నారన్నమాట" అన్నాను. పెద్దాయన కప్పు బుట్టలోకి విసిరేసి, "ఎక్కడ నిలబెట్టుకున్నారు, ఆవిడ ఈ గడప తొక్కి వేషమే కట్టలేదు" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ కట్టించిన స్టార్ బీడన్ స్ట్రీట్‌లో ఉండేది. ఆ స్థలం చేతులు మారాక కంపెనీ వాళ్ళు ఇక్కడికొచ్చి 1888లో ఈ స్టార్ కట్టుకున్నారు. అప్పటికే ఆవిడ రంగస్థలం వదిలేసింది, నిండా పాతికేళ్ళు లేవు. పేరు వచ్చింది గానీ పక్కింటి గడపకి వచ్చింది.

మరి పాతది? "రోడ్డు కింద" అన్నాడాయన.

వెళ్ళాను, ఆ నైటీల మధ్యనుంచే దారి చేసుకుంటూ. బీడన్ స్ట్రీట్ వచ్చి చిత్తరంజన్ అవెన్యూని కోసే చోట నిలబడ్డాను. ఆ అవెన్యూ వెయ్యడం కోసం హాలు పడగొట్టేశారు. చూడటానికేముంది, బస్సులు. పది నిమిషాలు నిలబడితే ట్రాఫిక్ కానిస్టేబుల్ రెండుసార్లు విజిల్ వేశాడు. పక్కనే మెట్రో స్టేషన్, దాని పేరు గిరీశ్ పార్క్.

సాయంత్రం బాగ్‌బజార్ వెళ్తే గిరీశ్ ఘోష్ ఇల్లుంది. ఎక్కడనుకున్నారు, రోడ్డు మధ్యలో! గిరీశ్ అవెన్యూ వేసేటప్పుడు ఇల్లు పడగొట్టకుండా రోడ్డునే రెండుగా చీల్చి చెరోపక్క నుంచీ పోనిచ్చారు. దగ్గర్లోనే గిరీశ్ మంచ అని నాటకాల హాలు, అది 1980ల నుంచే ఉంది. స్టేషను, పార్కు, రోడ్డు, హాలు, రోడ్డు నడుమ ఇల్లు. ఆయన గొప్ప నాటకకర్త, కాదనను. కానీ ఉదయం నుంచి తిరిగిన కాళ్ళకి ఆ ఇంటి చుట్టూ ఉన్న ఇనుప కంచె చూస్తే ఎందుకో కోపమొచ్చింది.

అక్కడే అరుగు మీద కూర్చుని మన హాళ్ళు లెక్కపెట్టా. బళ్ళారిలో రాఘవ కళామందిరం. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని పట్టుబట్టిన మనిషి రాఘవ, ఆయనకి ఉండాల్సిందే. వైజాగ్‌లో గురజాడ కళాక్షేత్రం. ఓరుగల్లులో నేరెళ్ళ వేణుమాధవ్ పేరు మీద కళాప్రాంగణం. బెజవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, దాన్ని ఊళ్ళో ఎవరూ క్షేత్రయ్య అనరు, 'తుమ్మలపల్లిలో ప్రోగ్రాం' అంటారు, దాత మిగిలాడు, పదకర్త జారిపోయాడు. ఈ వేళ్ళ మీద ఒక్క నటి పేరూ పడలేదు.

మా ఊళ్ళో శ్రీరామనవమికి రాత్రంతా పద్యనాటకాలు. ఒక ఏడు చింతామణి ఆడటానికి వచ్చినావిడ మా ఇంట్లోనే దిగింది, మా తాతయ్యే కమిటీ ప్రెసిడెంటు కాబట్టి. నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో. మధ్యాహ్నం ఆవిడ నూతి దగ్గర బట్టలుతుక్కుంటూ పద్యం తీసింది, వీధి వీధంతా ఆగిపోయి విన్నారు. భోజనం వేళ మాత్రం మా నాయనమ్మ ఆవిడకి వరండాలో ఆకు వేసింది. తాతయ్య ఏమీ అనలేదు. నెయ్యి వెయ్యమని మాత్రం చెప్పాడు.

ఆ అరుగు మీంచే నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, మనింట్లో దిగిన ఆ చింతామణి వేషం ఆవిడ పేరేంటి?"

"ఏరా, పెళ్ళికని పోయి ఇదేం ప్రశ్న?"

"చెప్పు, గుర్తుందా?"

కాసేపు ఆగాడు. అవతల టీవీ చప్పుడు. "అప్పటి పెద్ద నటుడు బుర్రా వారితో వేషం కట్టిందని చెప్పేది... తెనాలి మనిషే. మొన్నమొన్నటిదాకా ఉంది కూడా. పేరు... ఏమోరా, చింతామణి వచ్చింది, చింతామణి వచ్చింది అనేవాళ్ళం గదా. ఇంతకీ రైలు రేపు ఎన్నింటికి?"