షార్జాలో ఓడ బొమ్మకి రెండు రంగులు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, దుబాయ్ అల్ కూజ్‌లో ఉన్న మోడల్ మేకింగ్ షెడ్లకి ఏడాది పొడవునా తిండి పెట్టేది బిల్డింగ్ మోడళ్లే. మధ్యమధ్యలో షిప్పింగ్ కంపెనీల ఆఫీసుల నుంచి ఓడ బొమ్మలు వస్తాయి. 1:100 స్కేలు అంటే 120 మీటర్ల ఓడ టేబుల్ మీద 120 సెంటీమీటర్లు. ఓడ ఎంతవరకు మునుగుతుందో చూపే నీటి గీతకి పైన నలుపో నీలమో, కింద ఇటుక ఎరుపు. కరీంనగర్‌లోనో రాజమండ్రిలోనో కార్ల షెడ్డులో రంగు కొట్టే గన్ పట్టి వచ్చినవాళ్లకి ఇదెంత పని అనిపిస్తుంది. కారు బానెట్‌ని రెండు మీటర్ల అవతల నిలబడి చూస్తారు. ఓడ బొమ్మని గాజు పెట్టెకి ముక్కు ఆనించి చూస్తారు. ఆ చూపు ముందుగా పడేది రంగులు రెండూ కలిసే చోటే.

ఫైబర్ హల్, అంటే ఓడ ఒళ్లు, అచ్చులోంచి ఊడేటప్పుడు ఒంటి నిండా మైనం, అచ్చుకి అంటుకోకుండా వేసే పీవీఏ పూసుకుని వస్తుంది. పీవీఏ గోరువెచ్చటి నీళ్లకి కరిగిపోతుంది. మైనం కరగదు, దానికి వ్యాక్స్ రిమూవర్ కావాలి. తడి గుడ్డతో పూసి, ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఇదంతా ఉప్పు కాగితం ముట్టుకోకముందే జరగాలి. ముందు రుద్దితే మైనం ఆ గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత ఎంత తుడిచినా రంగు అక్కడ చేపకళ్లలా గుండ్రంగా విడిపోతూనే ఉంటుంది. మైనం పోయాక 320 నంబరు కాగితంతో పొడిగా, 400తో నీళ్లు పెట్టి రుద్దాలి. సూది బెజ్జాలకి లప్పం పెట్టాలి. 50 గ్రాముల లప్పానికి హార్డెనర్ 1 గ్రాము చాలు. చాలా షెడ్లలో కంటి అంచనాతో కలిపేస్తారు. తొందరగా గట్టిపడాలని ఎక్కువ పిండితే మిగిలిన హార్డెనర్ నాలుగు రోజులకి పై రంగులోకి మరకై తేలుతుంది. చిన్న తూకం మిషన్ దగ్గర పెట్టుకోండి.

2కె (హార్డెనర్ కలిపి కొట్టే) గ్రే ప్రైమర్ రెండు కోట్లు వేసి, ఆరాక నల్లరంగు దూరం నుంచి పొడిగా చల్లి, 600తో నీళ్లు పెట్టి రుద్దితే ఎక్కడ గుంట ఉందో అక్కడ నలుపు మిగులుతుంది. కారు పని చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది నీటి గీత సంగతి. డ్రాయింగులో డ్రాఫ్ట్ (ఓడ మునిగే లోతు) 7.5 మీటర్లు అంటే బొమ్మ మీద కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే వెన్ను) అడుగు నుంచి 75 మిల్లీమీటర్లు. అక్కడ కొలత టేపు తీసి హల్ ఒంటి మీద 75 కొలిచి చుక్కలు పెడితే పని చెడిందే. నడిమి భాగంలో ప్రక్క నిటారుగా ఉంటుంది కాబట్టి సరిపోతుంది. వెనక తట్టు లోపలికి వాలి ఉంటుంది. వాలు మీద కొలిచిన 75 నిటారు ఎత్తులో 75 కంటే తక్కువ. గీత తోక దగ్గర కిందికి జారి, ఓడ తోక నీళ్లలోంచి పైకి లేచినట్టు కనిపిస్తుంది. అందుకని హల్‌ని సమతలమైన టేబుల్ మీద కదలకుండా నిలిపి, ఎడమ కుడి లెవెల్ చూసి, టేబుల్ మీద జరిగే ఒక దిమ్మకి 75 ఎత్తులో పెన్సిల్ కట్టి చుట్టూ తిప్పాలి. లేజర్ లెవెల్ ఉంటే ఇంకా సుఖం. ఇంకొక మాట, పెద్ద ఓడల్ని లాగే టగ్గుల్లాంటి వాటికి కీల్ ఏటవాలుగా ఉంటుంది. ముందు డ్రాఫ్ట్ వేరు, వెనక డ్రాఫ్ట్ వేరు. డ్రాయింగులో రెండు అంకెలూ చూసి, ముందు బొమ్మని ఆ వాలుకి నిలిపి తర్వాతే గీయాలి.

ఏ రంగు ముందు? లేతది ముందు. ఎరుపు మీద తెలుపు కప్పాలంటే నాలుగైదు కోట్లు పడతాయి, అన్ని కోట్లకీ టేపు అంచున మెట్టు లేస్తుంది. కాబట్టి తెలుపు-ఎరుపు జోడీలో తెలుపు ముందు, ఎరుపు-నలుపు జోడీలో ఎరుపు ముందు. మొదటి రంగు గీత దాటి ఒక సెంటీమీటరు అవతలికి పోవాలి. అసలు ఓడల అడుగుకి ఎరుపు ఎందుకంటే, నాచు, గుల్లలు పట్టకుండా పూసే రంగులో కాపర్ ఆక్సైడ్ ఉంటుంది, దాని రంగే అది. కంపెనీవాళ్లు ఆర్‌ఏఎల్ అనే రంగుల పట్టికలోని నంబర్లు పంపుతారు: 3009 ఆక్సైడ్ ఎరుపు, 9005 నలుపు. ఆ నలుపుని ఉన్నదున్నట్టు కొడితే చిన్న బొమ్మ మీద తారు పూసినట్టుంటుంది. నూటికి ఐదు పాళ్లు తెలుపు కలిపి, మెరుపు తగ్గించి సాటిన్‌లో కొడితేనే అది ఓడలా ఉంటుంది, గ్లాసీలో ఆటబొమ్మ అయిపోతుంది. క్లయింట్ ఒప్పుకున్నాకే సుమా, చిన్న చెక్క మీద కొట్టి చూపించండి.

120 సెంటీమీటర్ల హల్‌కి ఒక్కో రంగు 100 మిల్లీలీటర్లు, హార్డెనర్ 50, థిన్నర్ 15 సరిపోతాయి. 2:1 పాళ్లు డబ్బా మీద ఉంటేనే. కంపెనీని బట్టి మారుతుంది. మినీ గన్, 0.8 మిల్లీమీటర్ల నాజిల్, గన్ దగ్గర గాలి 1.8 బార్, దూరం ఒక జానెడు కంటే తక్కువ, 15 సెంటీమీటర్లు.

ఇప్పుడు ఎండ, తేమ. మన ఊళ్లో ఎండాకాలం అంటే పొడి. ఇక్కడ సముద్రపు ఒడ్డున ఆగస్టులో 40 డిగ్రీల వేడితో పాటు గాలి నిండా నీళ్లు. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లద్దాలు మసకబారతాయి కదా, 23 డిగ్రీల్లో రాత్రంతా ఉన్న హల్‌కి కూడా అదే జరుగుతుంది, కంటికి ఆనదంతే. ఆ తడి మీద కొడితే హార్డెనర్ రంగుతోపాటు నీటితోనూ కలుస్తుంది. పైన పాలు పోసినట్టు తెల్లటి మసక వస్తుంది. హల్, రంగు, థిన్నర్ మూడూ కొట్టే చోటే కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. తెల్లవారుజామున చల్లగా ఉందని కొడతారు కొందరు, తేమ ఎక్కువగా ఉండేది అప్పుడే. కంప్రెషర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ పొద్దున వదలాలి, గాలిలోని నీళ్లు పట్టే వాటర్ ట్రాప్ గన్‌కి దగ్గరగా పెట్టాలి. థిన్నర్ స్లో రకం కొనమనండి. మామూలుది ఈ వేడిలో గన్ నుంచి హల్ చేరేలోపే ఆరి, రంగు ఇసుక చల్లినట్టు గరుగ్గా పడుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు పని ఆపే రూలు ఆరుబయట ఎండలో చేసేవాళ్లకే. రేకుల షెడ్డు కింద ఉన్నవాళ్లకి అది వర్తించదు, ఆ రేకు కిందే రంగు ఎక్కువ చెడుతుంది.

టేపు దగ్గరికి వద్దాం. ఎరుపు కొట్టి కనీసం ఒక రాత్రి ఆగాలి. గోరు నొక్కితే గుర్తు పడకూడదు. గీత పైన నలుపు రాబోయే భాగాన్ని గ్రే స్కాచ్‌బ్రైట్ పీచుతో తేలిగ్గా రుద్దాలి. గీతకి మామూలు కాగితం మాస్కింగ్ టేపు పనికిరాదు, దాని అంచు రంపపు పళ్లలా ఉంటుంది. 3 మిల్లీమీటర్ల ఫైన్‌లైన్ ప్లాస్టిక్ టేపు తెప్పించుకోండి. దాన్ని సాగదీయకుండా పెన్సిల్ గీత వెంట పరుచుకుంటూ పోవాలి. సాగిన టేపు గంటలో వెనక్కి ముడుచుకుని, వంపు ఉన్నచోట లేచిపోతుంది. గోటికి మెత్తటి గుడ్డ చుట్టి అంచు మీద ఒక్కసారి గట్టిగా లాగండి. దాని మీద సగానికి వచ్చేలా వెడల్పు టేపు, ఆపైన మాస్కింగ్ పేపర్. సూపర్ మార్కెట్ ఆఫర్ల కాగితాలు షెడ్డులో దండిగా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు, థిన్నర్ తగిలితే సిరా దిగుతుంది.

నలుపు కొట్టేముందు ఆ టేపు అంచు మీదే ఎరుపు ఒక్కసారి పలచగా చల్లి పది నిమిషాలు ఆగాలి. టేపు కింద వెంట్రుకంత సందు ఉన్నా ఎరుపే దూరి దాన్ని మూసేస్తుంది. ఎరుపు మీద ఎరుపు, ఎవరికీ కనపడదు. తర్వాత నలుపుకి అక్కడ దారి ఉండదు. ఈ ఒక్క చల్లుడు మానేసినవాళ్లే మర్నాడు టూత్‌పిక్‌కి పాలిష్ పూసుకుని గీత పొడవునా తుడుస్తూ కూర్చుంటారు. నలుపు మొదటి కోటు పలచగా, గన్ టేపు వైపు నుంచి బయటికి చూస్తూ ఉండాలి. అంచుకి ఎదురుగా కొడితే గాలి రంగుని టేపు కిందికి తోస్తుంది. పది నిమిషాల ఎడంతో ఇంకో రెండు కోట్లు.

చివరి కోటు తర్వాత అరగంట లోపు, చేతికి అంటనంత ఆరి లోపల ఇంకా మెత్తగా ఉన్నప్పుడే టేపు తీసేయాలి. దాని మీదికే మడిచి, నెమ్మదిగా, నలుపుకి దూరంగా లాగాలి. చిక్కల్లా మనల్ని రూముకి చేర్చే క్యాంపు బస్సుతోనే. బస్సు ఆరింటికి కదిలితే, ఐదున్నరకి నలుపు కొట్టినవాడు టేపు అలాగే వదిలి పరిగెత్తుతాడు. పొద్దునకి 2కె రాయిలా గట్టిపడి, టేపుతోపాటు అంచు కూడా పెచ్చులూడుతుంది. నాలుగున్నర తర్వాత చివరి కోటు మొదలుపెట్టొద్దు. ఫోర్‌మన్ "ఖలాస్ కరో భాయ్" (ముగించెయ్ భాయ్) అన్నా సరే, రేపు పొద్దున అని చెప్పండి. అయినా టేపు ఉండిపోతే, లాగకముందు కొత్త బ్లేడుతో అంచు వెంట తేలిగ్గా గీసుకోవాలి.

మాస్కు విషయంలో మొహమాటం వద్దు. 2కె హార్డెనర్‌లో ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. గుడ్డ మాస్కు, తెల్ల డస్ట్ మాస్కు దాన్ని ఆపవు. బయటి గాలి పైపుతో అందించే మాస్కు ఉత్తమం, కనీసం ఆవిరినీ తుంపరనీ ఆపే ఏ2పీ2 కార్ట్‌రిడ్జ్ మాస్కు, అదీ తరచుగా మారుస్తూ. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఉబ్బసం వస్తుంది, మళ్లీ గన్ పట్టలేరు. వీసా మెడికల్‌లో ఎక్స్‌రే బాగానే వచ్చిందని నమ్ముకుంటారు మనవాళ్లు. ఆ ఎక్స్‌రే టీబీ కోసం తీసేది. రాత్రి రూములో ఆగకుండా దగ్గొస్తుంటే, సెలవు రోజు తగ్గి పని రోజు మళ్లీ మొదలవుతుంటే, డాక్టరుకి ఏ రంగు కొడుతున్నారో డబ్బా ఫోటో చూపించండి.

డ్రాఫ్ట్ అంకెలు అసలు ఓడ మీద 10 సెంటీమీటర్ల ఎత్తు, 1:100లో 1 మిల్లీమీటరు. అవి డెకాల్‌గానే, అంటే అంటించే అచ్చు అంకెలుగానే వస్తాయి. సాటిన్ క్లియర్ (రంగులేని పై పూత) వాటి మీదుగా పడాలి. క్లియర్ అయ్యాక వారమైనా ఆగకుండా బబుల్ రాప్ చుట్టొద్దు. పికప్ వెనక ఆ వేడికి బుడగల అచ్చులు గుండ్రంగా హల్ నిండా పడతాయి, అవి పాలిష్‌కి పోవు. తప్పనిసరై ముందే పంపాల్సి వస్తే రంగుకి ఏదీ తగలకుండా స్టాండుకి బిగించి, చుట్టూ చెక్క పెట్టె కొట్టించండి.