పిల్లలమర్రి, 40 పేజీలు, రబ్బరు లేకుండా

పోయిన ఏడాది లెక్క ముందే చెప్పేస్తాను. మొదలుపెట్టిన బొమ్మలు 19, పూర్తయినవి 2. ఆ రెండూ కూడా అమ్మ నా చేతిలోంచి లాక్కుని ఫ్రేము కట్టించబట్టి పూర్తయ్యాయి. మిగతా 17 బీరువా మీద అట్టపెట్టెలో ఉన్నాయి. అన్నీ పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టువే. మహబూబ్‌నగర్‌లో ఉంటూ వాటర్ కలర్స్ పట్టినవాడికి ఇంకో చెట్టు ఆనదు మరి. టౌను నుంచి 4 కిలోమీటర్లే, బండి మీద 10 నిమిషాలు.

700 ఏళ్లదని చెప్పుకునే చెట్టు. 3 ఎకరాలకు పైగా పరుచుకుంది, అసలు మొదలు ఏదో చూసి చెప్పలేం. దాన్ని నేను ఊడ ఊడకూ పెన్సిల్‌తో గీసేవాణ్ని. కుదరకపోతే చెరిపి మళ్లీ గీసేవాణ్ని. ఒకే ఊడను ఆరేడుసార్లు చెరిపిన రోజులున్నాయి. వాటర్ కలర్ కాగితానికి పైన సన్నటి జిగురు పూత ఉంటుంది. రబ్బరుతో రుద్దీ రుద్దీ అది లేచిపోతే, రంగు వేయగానే అక్కడ కాగితం అద్దుడు కాగితంలా పీల్చేసుకుంటుంది. చుట్టూ లేత బూడిద రంగు, మధ్యలో బొటనవేలంత నల్లటి మచ్చ. ఎక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టానో సరిగ్గా అక్కడే మచ్చ పడేది. ఇక ఆ బొమ్మ పెట్టెలోకే.

జనవరిలో పద్ధతి మార్చాను. రబ్బరు ఇంట్లోనే ఉంటుంది. పెన్సిల్ బదులు బాల్‌పెన్. ఖరీదైన, మందపాటి 300 జీఎస్ఎం కాగితం బదులు 200 పేజీల లాంగ్‌బుక్. ఫోన్‌లో 25 నిమిషాల టైమర్, అది మోగాక ఒక్క గీత కూడా పెట్టకూడదు. వారానికి రెండు చొప్పున 40 బొమ్మలు.

మొదటి వారం జెల్ పెన్ తీసుకెళ్లాను, బుద్ధి తక్కువై. కుంచె తగలగానే సిరా అంతా కరిగి కొమ్మలన్నీ నీలం మడుగయ్యాయి. మామూలు బాల్‌పెన్ సిరాలో నూనె ఉంటుంది కాబట్టి నీటికి అంతగా చెదరదు. లాంగ్‌బుక్ కాగితం పలచన, తడి ఎక్కువైతే ముడతలు పడుతుంది. అందుకే ఒకవైపే వాడుతున్నాను, కింద ప్లాస్టిక్ షీటు పెట్టి, రంగు ఒక్క పూతతో సరిపెడుతున్నాను. రంగులు మూడే: సాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు, అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం. చివరి రెండూ కలిపితే మర్రి బెరడుకు సరిపోయే బూడిద రంగు వస్తుంది. నల్ల రంగు ట్యూబు మూత తీయనే లేదు.

5వ పేజీ దాకా టైమర్ మోగినప్పుడల్లా టెన్షన్. చెట్టు సగమే వచ్చేది. 9వ పేజీ దగ్గర చేతికి ఒక కిటుకు దొరికింది: ఊడలు గీయడం మానేసి వాటి మధ్య సందులు వేయడం. చీకటిగా ఉన్న సందుల్లో ముదురు రంగు నింపుకుంటూ పోతే, వదిలేసిన తెల్ల కాగితమే ఊడలవుతుంది. 25 నిమిషాల్లో చెట్టంతా పట్టింది. ఊడలు లెక్కపెడితే తక్కువే ఉంటాయి. ఎవరు లెక్కపెడతారు?

ఇంకో సంగతి. పాత 19 బొమ్మల్లో ఎక్కడా సిమెంటు స్తంభాలు లేవు. 2017 డిసెంబరులో ఇక్కడ పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు తినేశాయని 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, నీళ్లలో కలిపిన క్లోర్‌పైరిఫాస్ మందును చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. చెట్టు అందం పోతుందని నేను వాటిని వదిలేసేవాణ్ని. అప్పుడు కొమ్మ గాల్లో తేలుతున్నట్టు కనబడేది, ఎందుకో తెలియక మళ్లీ కొమ్మనే చెరిపేవాణ్ని! 14వ పేజీలో స్తంభం వేశాను. కొమ్మకు బరువొచ్చింది.

ఏప్రిల్‌లో ఎండతో పేచీ. మన పాలమూరు ఎండకు కుంచె ఇటు నుంచి అటు వెళ్లేలోపే రంగు ఆరిపోయి గట్లు కడుతుంది. ఉదయం 7 లోపే మొదలుపెట్టాలి. కాగితం మీద ముందు స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లి, 12 నంబరు కుంచెతో ఒకేసారి లాగేయాలి. అయినా 27, 28 పేజీలు పాడయ్యాయి. వాటిని చింపలేదు. అమ్మ మాత్రం పుస్తకం తిరగేసి, "పారేసేటివి ఉంటే నాకియ్యి, డబ్బాల కింద పరుస్త" అంది.

పోయిన ఆదివారం 40వది అయింది. కంచె దగ్గర రోజూ చూసే వాచ్‌మన్ మొదట్లో, "గింత పెద్ద చెట్టు గంత కాయితంల ఎట్ల పడుతది సారూ?" అనేవాడు. ఆ రోజు టైమర్ మోగాక వచ్చి, "ఇది నాకిస్తరా? మా బిడ్డకు చూపిస్త" అన్నాడు. ఇంకోటి మంచిగా వేసి ఇస్తానన్న మాట నోటిదాకా వచ్చింది. పేజీ చింపి ఇచ్చేశాను.

ఇంటికొచ్చి బండి దిగుతుంటే గుర్తొచ్చింది, ఎడమవైపు స్తంభం వేయడం మరిచిపోయాను.